చేపల్లేని పడవ కేకు

దాలయ్య ఇంట్లో వాసానికి ఏడాదిన్నరగా ఒక పడవ వేలాడుతోంది. ఆరడుగుల ప్లైవుడ్ పడవ. నీళ్లలో వేసేది కాదు, పుట్టినరోజులకు పంపేది. పైన క్రీము పూసి, లోపల కేకుతో చేసిన చేపలు నింపి, మూతచెక్క వేస్తే అది కేకు. పని అయ్యాక కడిగేస్తే మళ్లీ చెక్క. ఉష బతికున్నప్పుడు ఆ పడవ వాసానికి వేలాడిన రోజులు తక్కువ, ఊళ్లు తిరిగిన రోజులు ఎక్కువ.

ఉష అతని భార్య. ఫోన్లో చూసి కేకులు నేర్చుకుంది. మొదట్లో పళ్లెంలో పట్టేవి చేసింది. తర్వాత తెలిసింది, ఈ చుట్టుపక్కల జనం కళ్లకు చిన్న కేకు ఆనదని. పొందూరులో ఒకరింటికి నిలువెత్తు రాట్నం కేకు చేసింది. విజయనగరంలో ఒక సంగీతం మేష్టారి రిటైర్మెంటుకు వీణ కేకు చేస్తే, అది గుమ్మంలోంచి దూరలేదు. కిటికీ ఊచలు తీయించి లోపలికి పంపారు. మేష్టారు ఏడ్చాడు, వీణను చూసో, కిటికీని చూసో తెలియలేదు. దాలయ్యది పడవల వడ్రంగం. ఆమె కేకులకు అడుగుచెక్కలు, లోపలి ఊతకర్రలు అతనే కొట్టేవాడు.

తమ జాలరి పేటలో చేసిన మొదటి పడవ కేకుతో తిప్పలొచ్చాయి. అంతా కేకే. నాలుగడుగుల పడవ, ముక్కు మీద పసుపు బొట్టు కూడా పెట్టింది. తీరా కత్తి చేతికిచ్చాక, కేకు చేయించుకున్న పడవ యజమాని వెనక్కి జరిగాడు. చెప్పు కాలు కూడా మోపని పడవ మీద కత్తి ఎలా పెడతాడు? క్రీము కారిపోయేదాకా అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"ఓలమ్మ, నాకే బుద్ధి నేకపోయింది" అని ఆ రోజు ఉష నెత్తి కొట్టుకుంది. "మనోళ్లు పడవను కోస్తారేటి? పడవలోంచి సేపలు దింపుతారు గానీ!"

అప్పుడు దాలయ్య ఈ ప్లైవుడ్ పడవ కొట్టాడు. చేపల అచ్చులు రేకుతో చేశాడు. మూత తీసి చేపలు దింపడం, అందరికీ పంచడం. పేటలో అదే ఆనవాయితీ అయింది. ఎవరింటికి పడవ కేకు వచ్చినా నిండుగా రావాలి, ఖాళీగా వస్తే అపశకునం.

ఆ పడవను శుక్రవారం నాడు వాసం నుంచి దింపాడు. నాగబాబు కోసం.

నాగబాబు ఉష తమ్ముడు. గుమ్మం బయటే నిలబడి అడిగాడు.

"బావా, ఆదివారం మా అమ్మడు పుట్టినరోజు. ఐదు నిండుతాయి. కొత్త పడవకి దాని పేరే ఎట్టాను."

"ఊఁ."

"ఉషప్ప సేసినట్టు పడవ కేకు కావాలని ఏడుస్తన్నాది. అమ్మ కూడా నిన్నే అడగమన్నాది."

"ఎన్ని గంటలకి?"

నాగబాబు తెల్లబోయాడు. తిడతాడనుకుని వచ్చినట్టున్నాడు. "నాలుగింటికి" అన్నాడు.

"నలుగురిని పంపు, మొయ్యడానికి."

అంతే. తలుపు వేసుకున్నాడు.

ఏడాదిన్నర కింద, పొద్దున్న పదింటికి, ఉష పొయ్యి దగ్గర కూలబడింది. ఒళ్లంతా చెమట. గుండె పట్టుకుంది. ఇంటికి నూరడుగుల దూరంలో, ఒడ్డున, నాగబాబు చేపల వ్యాను నిలబడి ఉంది. దాలయ్య పరుగెత్తాడు.

"వ్యాన్లో సరుకున్నాది బావా" అన్నాడు నాగబాబు. "అంతా దింపాలంటే గంట పడతాది, ఐసు కరిగిపోతాది. అంబులెన్సుకి ఫోన్ సెయ్యి, ఇట్టే వచ్చేస్తాది." డబ్బాల మీద ఇంకో డబ్బా ఎక్కిస్తూ చెప్పాడు ఆ మాట.

అంబులెన్సు అప్పుడు ఇంకో ఊరి మనిషిని తీసుకెళ్తోంది. అది వచ్చేసరికి నలభై నిమిషాలు. ఆస్పత్రి గేటు కనిపించకముందే ఉష చెయ్యి దాలయ్య చేతిలో బరువైపోయింది. ఆ తర్వాత నుంచి అతనికి ఏదీ పెద్దగా తెలియడం లేదు. ఉప్పు తెలియదు, ఎండ తెలియదు. ఉలి వేలికి తగిలితే రక్తం చూశాకే తగిలిందని తెలుస్తుంది. తెలిసేది ఒక్కటే. గంట పడతాదన్నాడు.

శనివారమంతా క్రీము కొట్టాడు. ఉష కొట్టినంత నున్నగా రాలేదు. రాకపోయినా పూశాడు. నీలం అంచు, తెల్ల ఒళ్లు. పక్కన ఎర్రగా 'అమ్మడు' అని రాశాడు. అతని చదువు ఊరి బడిలో ఐదో తరగతితో ఆగినా, అక్షరాలు మాత్రం గుండ్రంగా ఉంటాయి.

ఆదివారం పొద్దున్న రేకు అచ్చుల్లో కేకు చేపలు కాల్చాడు. నూట ఇరవై. పెద్ద వంజరాలు, చిన్న కవళ్లు. ఎందుకు కాల్చాడో అతనికే తెలియదు. పంపకూడదని శుక్రవారమే అనుకున్నాడు. పడవ ఖాళీగా వెళ్లాలి. పేట అంతా చూస్తుండగా నాగబాబు మూత తీయాలి, లోపల వట్టి చెక్క కనపడాలి. కొత్త పడవ ఇంటికి ఖాళీ పడవ వచ్చిందని జనం అనుకోవాలి. అతనికి కావలసింది అదే. అయినా చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. చేపలన్నిటినీ మూడడుగుల పళ్లేలు రెండింటిలో పరిచి, నులక మంచం మీద పెట్టి, తడిగుడ్డ కప్పి, ఇంటికి తాళం వేశాడు.

నలుగురు వెదుళ్లు కట్టి పడవను ఎత్తారు. ముందున్నవాడు గోపి, నాగబాబు పడవ మీద పనిచేసేవాడు.

"ఏటి మావా, ఇంత తేలిగ్గా ఉన్నాది?" అన్నాడు. "సేపలు ఈదుకుంటూ ఎళిపోయాయేటి?"

"నోరు మూసుకుని నడువు. క్రీము కదిలితే నీ సేతే నాకిస్తాను."

మిగతా ముగ్గురూ నవ్వారు. దాలయ్య వెనకే నడిచాడు. నాగబాబు ఇల్లు పేటకు ఆ చివర, రోడ్డు మీద. వాకిట్లో షామియానా. పక్కనే వ్యాను. ఐదున్నరకు బయలుదేరాలి కాబట్టి మధ్యాహ్నం వచ్చిన సరుకు అప్పటికే ఎక్కించేశారు. వెనక తలుపు కింద నుంచి ఐసు నీళ్లు బొట్లు బొట్లుగా కారుతున్నాయి.

అమ్మడు గులాబీ గౌను వేసుకుని పరుగెత్తుకొచ్చింది. "మావా! నా పేరే రాశావు!"

"ఊఁ."

"వంజరం నాకే. పెద్దది."

దాలయ్య దాని తల మీద చెయ్యి పెట్టబోయి, చేతికి క్రీము ఉందని చూసి తీసేశాడు.

పాట పాడారు. కొవ్వొత్తి ఊదారు. నాగబాబు పడవకు దండం పెట్టి, మూతచెక్క రెండు చేతులా పట్టుకుని ఎత్తాడు.

లోపల వట్టి చెక్క.

చప్పట్లు కొట్టబోయిన చేతులు ఆగిపోయాయి. వెనకెక్కడో ఒక ముసలాయన "అయ్యో, ఖాళీ పడవ" అన్నాడు, పక్కావిడ అతని మోచెయ్యి గిల్లింది. నాగబాబు భార్య రేఖ మొహం పాలిపోయింది. "అన్నయ్యా, ఇదేటి?" అంది. అమ్మడు పడవలోకి తొంగి చూసి, చెయ్యి పెట్టి తడిమి, ఏడవలేదు. దాలయ్య వైపు చూసింది. అంతే.

దాలయ్య రెండు రోజులుగా ఎదురుచూసింది ఈ క్షణం కోసమే. వచ్చింది. అతనికేమీ అనిపించలేదు. ఎండలో నిలబడ్డ మనిషికి ఎండ తెలియనట్టే ఉంది.

అత్త లక్ష్మణమ్మ కుర్చీలోంచి లేచింది. కూతురు పోయాక ఆమె కొడుకింట్లో భోంచేస్తోంది గానీ, కొడుకుతో మాట్లాడటం తగ్గించేసిందని పేటలో చెప్పుకుంటారు.

"సేపలేవి అల్లుడా?"

"ఇంటికాడున్నాయి అత్తా. కాల్చాను."

"మరి తేలేదేటి?"

నాగబాబు తేరుకున్నాడు. "సరే సరే, మర్సిపోయినట్టున్నాడు. గోపీ, బండేసుకుని ఎళ్లి తెచ్చీరా."

"బండి మీద రావు" అన్నాడు దాలయ్య. "పళ్లేలు మూడడుగులు. చితికిపోతాయి. వ్యాను కావాలి."

"వ్యాన్లో సరుకున్నాది బావా."

ఆ మాట నాగబాబు నోట్లోంచి ఎప్పట్లాగే వచ్చేసింది. వచ్చాక అతనికే వినపడింది.

"అవును" అన్నాడు దాలయ్య. "ఐసు కరిగిపోతాది."

ఉష పోయిన పొద్దున ఒడ్డున ఎవరేమన్నారో పేటలో తెలియనివాళ్లు లేరు. తెలిసీ ఇన్నాళ్లూ ఇద్దరి దగ్గరా తిన్నారు.

దాలయ్య జేబులోంచి ఇంటి తాళంచెవి తీసి ముందుకు చాపాడు. "సరుకు దింపు. ఎళ్లి తెచ్చుకో. నీ సేతికైతేనే ఇస్తాను."

నాగబాబు తల్లి వైపు చూశాడు. ఆమె చూపు తిప్పలేదు. తాళంచెవి తీసుకుని వ్యాను దగ్గరికి నడిచాడు. వెనక తలుపు తీశాడు. కొత్త చొక్కా చేతులు మడిచి మొదటి డబ్బా దింపాడు. గోపి సాయం చేయబోయాడు.

"ఉండరా" అంది లక్ష్మణమ్మ. "ఆడొక్కడే దింపుతాడు."

వరండా గోడకు గడియారం ఉంది. దాలయ్య దాన్నే చూస్తూ నిలబడ్డాడు. ఒకటి, రెండు, మూడు నిమిషాలు. డబ్బాలు నేల మీద పడుతున్న చప్పుడు వినపడుతోంది. నాగబాబు ఒగరుస్తున్నాడు. ఐసు నీళ్లు వాకిలంతా పారి దాలయ్య చెప్పుల్లోకి వచ్చాయి. చల్లగా ఉండి ఉంటాయి. మొత్తం పద్దెనిమిది డబ్బాలు. వ్యాను తలుపు మూసుకుంది. ఇంజను మోగింది.

చేపలొచ్చాయి. పళ్లేలు నాగబాబే మోసుకొచ్చాడు, ఒకదాని తర్వాత ఒకటి, కింద పడేస్తానేమోనని భయపడుతున్నట్టు. ఆడవాళ్లు వాటిని పడవలో పేర్చారు. మూత వేసి మళ్లీ తీశారు. అమ్మడు పెద్ద వంజరం ఎత్తుకుంది. అందరూ చేపలు దింపుకుని తిన్నారు. బాగున్నాయన్నారు. ఉష చేసినట్టే ఉన్నాయని ఒకావిడ అంది. అలా లేవని దాలయ్యకు తెలుసు.

అమ్మడు ఒక చిన్న చేప తెచ్చి అతని చేతిలో పెట్టింది. పట్టుకుని నిలబడ్డాడు. తినలేదు.

నాగబాబు తాళంచెవి తిరిగి ఇవ్వడానికి వచ్చాడు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. కళ్లు ఎర్రబడ్డాయి.

"బావా" అన్నాడు.

"తొమ్మిది నిమిషాలు" అన్నాడు దాలయ్య.

నాగబాబు తలెత్తలేదు.

"ఒక్కడివే దింపావు. ఆవేళ నేను కూడా ఉన్నాను. ఇద్దరం ఉన్నాం."

తాళంచెవి జేబులో వేసుకున్నాడు. ఈ మాట చెప్పేస్తే లోపల ఏదో ఒకటి కదులుతుందని అనుకున్నాడు. కదల్లేదు. క్షమించే మనసు ఉందేమోనని కూడా వెతుక్కున్నాడు, లేదు.

నాగబాబు వెనక్కి వెళ్లి డబ్బాలు మళ్లీ ఎక్కించడం మొదలుపెట్టాడు. ఈసారి గోపి, ఇంకో ఇద్దరు చేయి వేశారు. దాలయ్య చెయ్యి వెయ్యలేదు. ఖాళీ అయిన పడవను వాకిలి మూలకు లాక్కుని, బిందెతో నీళ్లు పోసి క్రీము కడగసాగాడు. ముందు నీలం పోయింది, తర్వాత తెలుపు. 'అమ్మడు' అని రాసిన ఎరుపు గట్టిగా పట్టుకుంది. గోటితో గీకాడు.