గొంతు ముందు రావాల

సాయిప్రసాద్ చూపు ఒక్కసారిగా పోలేదు. మొదట రేచీకటి అన్నారు. తర్వాత పక్కల నుంచి చీకటి కమ్ముకుంటూ వచ్చి, కిటికీ ఎటుందో తెలిసేంత వెలుతురు మాత్రం మిగిల్చింది. కర్నూలులో కంప్యూటర్ పాఠాలు చెప్పే మనిషి ఆ పని మానుకుని, బేతంచెర్లలో మేనత్త సుబ్బక్క ఇంటికి వచ్చేశాడు. సుబ్బక్క కూతురు పవిత్రే అతని భార్య.

పవిత్ర చదువు ఇంటర్‌తో ఆగింది. ఇంగ్లీషు కూడబలుక్కుని చదువుతుంది. అయినా 2009 ఎండాకాలమంతా పాత కంప్యూటర్ ముందు భర్త పక్కన కూర్చుని, తెర మీద పడ్డ ప్రతి వరుసా పైకి చదివింది. ఆమె చదివేది, అతని వేళ్లు కీబోర్డు మీద నడిచేవి. ఒక్కొక్క ప్రోగ్రామూ మొదటి నుంచీ తామే తయారుచేసి, ఖాళీ డిస్కులో అమర్చుకుంటూ కంప్యూటర్‌ను నడిపించే లినక్స్‌ను సొంతంగా కట్టుకుంటున్నారు.

"తయారుగా ఉండేది దొరుకుతాది గదా బావా, సీడీ ఏస్తే సరిపాయ," అని ఆమె మొదట్లోనే అడిగింది.

"దాంట్లో గొంతు యాడో చివర్న వస్తాది. మధ్యలో ఆగిపోతే ఎందుకాగిందో నాకెట్ల తెలుస్తాది? నాకు గొంతు ముందు రావాల."

తెర మీది అక్షరాలను చదివి వినిపించే ప్రోగ్రాం ఒకటుంది. దాన్ని లినక్స్‌కు గుండెకాయలాంటి కెర్నల్‌లోనే కలిపేస్తే, మిషను లేచీ లేవగానే మాట్లాడుతుంది. అదీ అతని పట్టు.

ఆ వేసవి చివర్లో ఒక పొద్దున, ఇక మొదటిసారి దాన్ని లేపడానికి ముందు చేయాల్సిన పనులే మిగిలాయి. మిషనుకు పేరు పెట్టమంటే పవిత్ర "సుంకులమ్మ" అంది.

"అమ్మవారి పేరా! ఇంక మొరాయించదులే," అని నవ్వి అదే కొట్టాడు. డిస్కులో ఏ భాగం ఎక్కడ తగిలించాలో చెప్పే ఫైలు రాశాడు. ఆ తర్వాత కీబోర్డు ఆమె వైపు జరిపాడు. "పాస్‌వర్డ్ నువ్వే పెట్టు."

పవిత్ర కొట్టి, తెర వైపు చూసి కంగారుపడింది. "బావా, ఏం కొట్టినా ఒక్కక్షరం పడల్యా!"

"పడదు. కొట్టేవాళ్లకు గూడా కనపడదు. నమ్మి కొట్టాల్సిందే."

ఆమె కళ్లు మూసుకుని అదే మాట రెండోసారి కొట్టింది. మిషను ఒప్పుకుంది.

"ఇంగ ఆపి లేపేదేనా?"

"ఆగు. రాసిందంతా ఒకసారి మళ్లా చదువు."

చదువుతూ చదువుతూ ఆమె సౌండ్ కార్డు పేరు దగ్గర ఆగింది. "ఇది మనదేనా బావా?"

"నేను కొన్నప్పుడు అదే."

"పోయిన ఏడు దుమ్ము పట్టి మదర్‌బోర్డు కాలిపోతే, కర్నూల్లో వేరేది ఏసిచ్చినారు గదా. సౌండ్ కార్డు గూడా దాంతోనే మారింటాది."

సాయిప్రసాద్ చేయి కీబోర్డు మీదే నిలిచిపోయింది. ఊరంతా నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలే, ఎంత తుడిచినా సున్నంలాంటి దుమ్ము లోపలికి వస్తూనే ఉంటుంది. ఆ సంగతే మరిచిపోయాడు. మిషనులో ఏమేం ఉన్నాయో చూపించే ఆదేశం ఇస్తే, ఆమె కార్డు పేరు చదివింది. వేరే కంపెనీది.

"అట్లనే లేపింటే మూగదయ్యుండేది," అన్నాడు నెమ్మదిగా. "చెడిపోయిందనుకుని అంతా తుడిచేస్తాంటి."

కొత్త కార్డును నడిపే ప్రోగ్రాం కెర్నల్‌లో కలిపి మళ్లీ తయారు చేయడానికి పెట్టారు. సగంలో కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది, వీధిలో రాళ్లు కోసే మిషన్ల మోత కూడా ఆగింది. సుబ్బక్క మజ్జిగ తెచ్చిచ్చింది.

"చేసిందంతా పాయెనా నాయనా?"

"లేదత్తా. ఆగిన కాడి నుంచి మొదలుపెడతాది."

మధ్యాహ్నం దాటాక కరెంటు వచ్చింది. మిగిలింది పూర్తయ్యింది. లేవగానే ఏ కెర్నల్‌ను పిలవాలో చెప్పే పని కూడా ముగించి, మిషను ఆపి, మళ్లీ లేపారు.

తెర మీద వరుసలు జరజరా పరుగెత్తాయి. పవిత్ర అలవాటుగా నోరు తెరిచింది.

"చదవాకు," అన్నాడతను.

ఆమె పెదవులు బిగించింది. అతని ముఖం చూస్తే భయమేసింది. వరుసలు ఆగాయి. స్పీకర్లో చిన్న గరగర. ఆ వెంటనే ముక్కుతో పలికినట్టు ఒక మగ గొంతు: "సంకులామా లాగిన్."

"ఎవురే అది, అమ్మవారి పేరు అట్ల పలుకుతాండేది?" అంటూ వంటింట్లోంచి వచ్చేసింది సుబ్బక్క.

సాయిప్రసాద్ పగలబడి నవ్వాడు. ఎంతకాలానికో అలా నవ్వడం. నవ్వు తగ్గాక ముందుకు వంగి కొట్టడం మొదలుపెట్టాడు. ఒక్కో అక్షరాన్నీ ఆ గొంతు అతనికి తిరిగి చెబుతోంది. ఎవరినీ ఏమీ అడగలేదు.

పవిత్ర లేచి నిలబడింది. చేతులకు పని లేనట్టనిపించింది. సంతోషమే, కానీ ఇక తన గొంతుతో ఆ మిషనుకు పని లేదు. నెలల నాడు కొని తెరవని వారపత్రిక అల్మరాలోంచి తీసి, గడప మీద కూర్చుని చదువుకోసాగింది.

చాలాసేపటికి వెనక కీబోర్డు చప్పుడు ఆగింది.

"పవిత్రా, ఏం చేస్తాండావు?"

"కథ చదువుతాండా."

"పైకి చదువు, నేనూ వింటా."

"ఉండు బావా," అంది పేజీ తిప్పుతూ. "ముందు నన్ను చదువుకోనీ."

అతను సరేనని, మళ్లీ కీబోర్డు వైపు తిరిగాడు.