నిమ్మకాయలు తొక్కిన మొద్దు

నేను ఒక సరుగుడు మొద్దును. ఒక యుద్ధంలో కొన్నాళ్లు ఫిరంగిగా పనిచేశాను. ఒక్క గుండు కూడా పేల్చలేదు. నా ఉద్యోగం పేల్చడం కాదు, నా మీద పేల్పించుకోవడం.

శ్రీకాకుళం తీరాన పెరిగిన నన్ను వంతెన పనికని రైలెక్కించి సరిహద్దుకు పంపారు. అక్కడ హవల్దారు అప్పలస్వామి కంట్లో పడ్డాను. ఆయన నాకు ఆకుపచ్చ రంగు పూయించి, రెండు బండి చక్రాల మీదికి ఎక్కించి, నది ఒడ్డున దిబ్బ మీద నిలబెట్టాడు. పైన వల సగమే కప్పించాడు. అంతా కప్పితే శత్రువుకు కనపడను, అసలే కప్పకపోతే నమ్మడు. నిజం ఫిరంగి కాస్త దూరంలో రెల్లుపొదల్లో దాక్కుంది. మర్నాడు తెల్లవారగానే దాని అండతో మన దళం నది దాటాలి. శత్రువు గుళ్లు నా మీద పడితే దళం బతుకుతుంది. రెల్లుపొదల మీద పడితే ఫిరంగీ పోతుంది, దళమూ పోతుంది.

ఆ రోజు ఆయుధపూజ. గన్నర్ తవిటయ్య బంతిపూల దండ, కుంకుమ, నిమ్మకాయలు పట్టుకుని రెల్లుపొదల వైపు బయలుదేరాడు. హవల్దారు అడ్డం నిలబడ్డాడు.

“ఎక్కడికిరా?”

“గన్నుకి పూజ సెయ్యాల గదా గురువుగారూ.”

“నది అవతల ఇటికలబట్టీ పొగగొట్టమెక్కి శత్రువు సూత్తన్నాడు. ఒకప్పుడు ఆళ్లూ మనమూ ఒక్క పటాలమే, మన పండగలు ఆడికి తెల్సు. పువ్వులు దేనికి పడితే అదే అసలు గన్ననుకుంటాడు. ఈ పూజ దీనికి సెయ్యి.”

“ఈ మొద్దుకా? గన్నుకి బొట్టెట్టకుండా రేపు పేల్తే అరిష్టం.”

“నీ పువ్వులు సూసి ఆడు పేల్తే అంతకన్నా అరిష్టం.”

తవిటయ్య మూతి ముడుచుకునే నాకు దండ వేశాడు, బొట్టు పెట్టాడు, గుమ్మడికాయ కొట్టాడు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, అలవాటు కొద్దీ ముందుకు తోశాడు. అదీ ఒంటిచేత్తో, సైకిలును తోసినట్టు. నేను నిమ్మకాయలు తొక్కుకుంటూ హాయిగా దొర్లిపోయాను.

దిబ్బ మీద అందరూ కొయ్యబారిపోయారు. నిజం ఫిరంగి ఒంటిచేతికి కదలదు.

“పల్లమనుకుంటాడులే,” అన్నాడు హవల్దారు, పెదవి కదపకుండా. “రండెహే అందరూ. ఎనక్కి లాగండి. పేనం పోతన్నట్టు లాగండి.”

తాళ్లు వచ్చాయి. “ఐలెస్సా” అంటూ గుంపుగా లాగారు. ఒకడు నడుం పట్టుకుని కూలబడ్డాడు. నాటకాల్లో చేరాల్సినవాడు పొరపాటున పటాలంలో చేరాడనిపించింది. నన్ను చోటికి చేర్చాక తవిటయ్య నా గొట్టానికి నుదురు ఆనించి, “రేపు నువ్వే దిక్కు తల్లీ,” అన్నాడు. అందులో మాత్రం నటన లేదు.

తెల్లవారింది. దళం నీళ్లలో దిగింది. మొదటి గుండు నా ఎడమ చక్రాన్ని ఎగరగొట్టింది. తరువాతివీ నన్నే వెతుక్కుంటూ వచ్చాయి. రెల్లుపొదల్లోంచి నిజం ఫిరంగి వాటికి జవాబు చెబుతుండగా దళం అవతలి ఒడ్డెక్కింది.

ఆ ఫిరంగి ఇప్పుడు పటాలం గేటు ముందు మెరుస్తూ కొలువుతీరింది. నాలో మిగిలిన ముక్క వంటశాల వెనక, కట్టెలు కొట్టే దిమ్మగా ఉంది.

మరుసటి దసరాకు తవిటయ్య ముందు నా దగ్గరికే వచ్చాడు. బొట్టు పెట్టి, నన్ను పక్కకు పడుకోబెట్టి, ముందు ఒక నిమ్మకాయ ఉంచాడు.

“కట్టెల మొద్దుకి పూజేటి బావా?” అని నవ్వాడు వంటవాడు.

“గన్నురా ఇది,” అన్నాడు తవిటయ్య.

ఒక్క కాలితో తన్నినా దొర్లేదాన్ని. అవతలి నుంచి చూసేవాడెవడూ లేడు. అయినా అతను రెండు చేతులూ వేసి, పళ్లు బిగించి, మూలుగుతూ తోశాడు.