అందుకోనివ్వని పాట

ఇస్నాపూర్ అట్టపెట్టెల కంపెనీలో కటింగ్ మిషన్ నడుస్తుంటే అట్టలతోపాటు మాటలూ కట్ అవుతాయి. పొద్దున సూపర్‌వైజర్ దుర్గాప్రసాద్ వచ్చి, మొగులమ్మ టేబుల్ దగ్గర ఇవాళ్టి నుంచి స్పీకర్ పెడతామన్నాడు. ఆమెకు అందినవి మూడే ముక్కలు: మొగులమ్మ, ఇవాళ, స్వీపర్.

అన్నం తిన్నాక ఆమె చేతులు మొరాయిస్తున్న మాట నిజం. టేబుల్ వెనకబడుతోందని నిన్ననే ఆయన గుర్తుచేశాడు. చీపురంటే ఆమెకు చిన్నచూపు లేదు. కానీ ఊళ్లో పొలాలున్న రోజుల్లో పక్కపక్కన వంగి నాట్లేసిన వాళ్లే ఇప్పుడు పక్కపక్కన పెట్టెలు మడుస్తున్నారు. ఆ వరసలోంచి లేచిపొమ్మంటే ఎలా? కూర్చుంటే కాళ్లు ఆగలేదు, నిలబడితే కళ్లు ఆగలేదు. టిఫిన్ డబ్బా తెరిచి, ముట్టకుండానే మూసేసింది. పక్కనున్న సునందకు చెప్పుకుంది. సునంద అందరికీ చెప్పింది.

మధ్యాహ్నం చేతులు చురుకవుతాయని దుర్గాప్రసాద్ పాటల డబ్బా తెచ్చి గూట్లో పెట్టి మీట నొక్కాడు. మొగులమ్మక్కను వరసలోంచి తీసేస్తూ మనల్ని పాటతో జోకొడుతున్నాడని ఆడవాళ్లు మూతులు ముడిచారు. జోకొట్టడం మాత్రం బాగానే జరిగింది. నాట్ల అలవాటుకొద్దీ మొగులమ్మ చరణం చివర అందుకోబోయింది. డబ్బా ఆగితేనా, అప్పటికే పై చరణంలో ఉంది. మళ్లీ నోరు తెరిచింది, మళ్లీ అంతే. తెరిచిన నోరు ఆవలింతకు పనికొచ్చింది. ఆవలింత టేబుల్ దాటి వరసంతా పాకింది. డబ్బా పాడుతుంటే డబ్బాలు ఆగాయి. మొగులమ్మ ముందు మడవని అట్టలు పేరుకున్నాయి.

"ఇది మనల్ని అందుకోనియ్యదేందే?" అంటూ లేచి వైరు పీకేసింది. నిలబడే ఎత్తుకుంది.

"మబ్బు జూసి మడి దున్నితిమే, వానమ్మా..."

సునంద అందుకుంది. వరసంతా అందుకుంది. పొద్దుటి నుంచి నోటికి పడ్డ తాళం ఊడి చేతికి తాళం దొరికింది. చరణాలు గొంతులోనే ఉన్నా పరుగు చేతులకొచ్చింది. తాను ఎత్తుకుని వదిలిన చోట పదిమంది పట్టుకుంటుంటే మొగులమ్మకు వెనకబడడం చేతకాలేదు. డబ్బా ఎందుకాగిందని వచ్చిన దుర్గాప్రసాద్‌కు అట్టల కట్టలు మోసే పని పడింది.

మొగులమ్మ చెయ్యాపకుండానే అడిగింది. "సారూ, గిప్పుడు చెప్పు. నన్ను చీపురు పట్టమంటవా?"

"ఏం చీపురు?"

సునంద సంగతి విప్పింది. ఆయన తల పట్టుకుని, మిషన్ ఆపించి, అందరికీ వినబడేలా చెప్పాడు.

"నేనన్నది స్పీకర్."

ఊపులో ఉన్న వరస ఊరుకోలేదు. "స్పీకరే... సారన్నది స్పీకరే" అని అందుకుంది.

"పాటల డబ్బా. స్వీపర్ గాదు."

"గాదే... స్వీపరు గాదే."

"మొగులమ్మ ఈడనే ఉంటది."

ఆ ముక్కను మాత్రం రెండుసార్లు అందుకున్నారు.