గౌస్ మాస్టారు విప్పిన బోల్టు

గౌస్ మాస్టారి కారు అరవడం మొదలుపెట్టి నెల దాటింది. తాళం తిప్పగానే బానెట్ కింద ఎవరో పిల్లి తోక తొక్కినట్టు కీచుమనేది. ఏసీ వేస్తే ఆ కీచు రెట్టింపయ్యేది. ఆయన ఇనగుదురుపేట మలుపు తిరగకముందే వీధిలో వాళ్లు చెవులు మూసుకునేవారు. ముప్పై ఒక్క ఏళ్లు బందరు కాలేజీలో ఫిజిక్సు చెప్పి రిటైరైన మనిషికి ఆ చప్పుడుతో ఊళ్లో తిరగడం నామోషీగా ఉండేది.

మెకానిక్ వెంకటరమణ బానెట్ ఎత్తి కాసేపు విన్నాడు. "బెల్టుని బిగువుగా పట్టే చిన్న చక్రం ఉంటుందండి, టెన్షనర్ పుల్లీ అంటాం. అది అరిగిపోయింది. బండి వదిలి వెళ్లండి, నాలుగు రోజుల్లో చేస్తాను" అన్నాడు.

"ఒక్క బోల్టు విప్పి బిగించడానికి నాలుగు రోజులా?"

"అంతేలెండి, ఒక్క బోల్టే" అన్నాడు వెంకటరమణ, తల తిప్పకుండానే.

ఆ 'అంతేలెండి' మాస్టారికి ఎక్కడో గుచ్చుకుంది. కొత్త పుల్లీ కొనుక్కుని నేరుగా ఇంటికి వచ్చేశారు.

ఆదివారం పొద్దున్నే ఆయన పాత లుంగీ కట్టుకుని పానాలు పరుస్తుంటే భార్య ఖైరున్ బీ గుమ్మంలోకి వచ్చింది. ఆవిడ చెల్లెలు సబీహా గుడివాడలో కొత్త ఇల్లు కట్టుకుంది. ఆ రోజు ఒంటిగంటకు అక్కడ భోజనం.

"ఇవాళే ఎందుకండీ? బస్సులో వెళ్దాం."

"గంట పని ఖైరూ. మీవాళ్ల ముందు ఆ కీచుతో దిగమంటావా?"

పక్కింటి కాంతారావు టీ గ్లాసుతో సహా వచ్చి నిలబడ్డాడు. పోస్టాఫీసులో చేసి రిటైరయ్యాడు. ఎక్కడ ఏ పని జరిగినా చూసేదాకా ఆయనకి టీ దిగదు. మాస్టారు జాకీ వేసి కారు ఎత్తారు, దిమ్మ పెట్టారు, ముందు చక్రం ఊడదీశారు. లోపల అరడజను చిన్న చక్రాల మధ్య పాములా మెలికలు తిరిగి బెల్టు కనిపించింది.

"కాంతారావుగారూ, బెల్టు తీయకముందు ఒక ఫోటో తీయండి. మళ్లీ ఎక్కించేటప్పుడు కావాలి."

"తీశానండి, బ్రహ్మాండంగా వచ్చింది."

టెన్షనర్‌ని పానాతో వెనక్కి తోస్తే బెల్టు వదులై చేతిలోకి వచ్చేసింది. ఇక మిగిలింది పుల్లీ మధ్యలో ఉన్న ఒక్క బోల్టు.

"గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితే బిగుస్తుంది, ఎదురు తిప్పితే ఊడుతుంది" అని కాంతారావుకి పాఠం చెప్పి మాస్టారు ఎదురు తిప్పారు. బోల్టు కదల్లేదు. నూనె పోసి తిప్పారు. కాలితో తన్నారు. చివరికి పాత ఇనప గొట్టం తెచ్చి పానాకి తొడిగి, ఇద్దరూ కలిసి లాగారు. బోల్టు కిర్రుమని పావు చుట్టు తిరిగింది.

"కదిలింది మాస్టారూ" అన్నాడు కాంతారావు, యుద్ధం గెలిచినవాడిలా.

ఆ తర్వాత అది కదలనే లేదు. పదకొండయింది. మాస్టారి బనీను నల్లబడింది, వేలి కణుపు దోక్కుపోయింది. ఖైరున్ బీ పట్టుచీర కట్టుకుని వచ్చి వంగి చూసింది.

"ఒకసారి అటు తిప్పి చూడండి."

"అటు తిప్పితే బిగుస్తుంది ఖైరూ."

"మరి గంట నుంచి ఇటు తిప్పి మీరు చేసిందేంటి?"

మాస్టారు లుంగీ అంచుతో చెమట తుడుచుకున్నారు.

"గుడ్లవల్లేరులో మా నాన్న సైకిలు షాపులో ఎడమ పెడల్ విప్పమంటే చిన్నప్పుడు నేనూ ఇలాగే గంటసేపు బిగించానండి. ఎడమ పెడల్‌కి మర తిరగబడి ఉంటుంది. దీనికీ అంతేనేమో."

మాస్టారు నమ్మకం లేకుండానే అటు తిప్పారు. టక్‌మంది. బోల్టు మెల్లగా బయటికి వచ్చింది.

"నేనూ అదే అనుకున్నానండి" అన్నాడు కాంతారావు.

కొత్త పుల్లీ పెట్టి, బోల్టు బిగించి, ఫోటో చూపించమన్నారు మాస్టారు. కాంతారావు ఫోను తీశాడు. తెర నిండా ఆయన సగం మీసం, ఒక చెవి, వెనక ఆకాశం. కెమెరా ఆయన వైపే తిరిగి ఉంది.

మాస్టారు నేల మీద కూర్చుండిపోయారు. బస్సు గురించి అడుగుదామని నోరు తెరిచేలోపు ఖైరున్ బీ కొంగు బిగించి, బెల్టు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. ఎవరైనా కుట్టమని జాకెట్టు గుడ్డ ఇస్తే ఆవిడ ముందు అలాగే చూస్తుంది.

"దీనికి మంచి వైపు, తిరగ వైపు ఉన్నాయండి. ఒకవైపు గాళ్లు, ఒకవైపు నున్నగా ఉంది. గాళ్లున్న చక్రాల మీద గాళ్ల వైపు కూర్చోవాలి. నున్నటి చక్రాలకి వీపు ఆనాలి. ఇంకెలా ఎక్కించినా పొడుగు సరిపోదు."

ఆవిడ టైలరింగు స్కేలుతో చూపిస్తుంటే మాస్టారు ఎక్కించారు. వెనక బెంచీ నుంచి ఎవరైనా సరైన జవాబు చెప్తే క్లాసులో ఆయనకి పట్టలేని సంతోషం కలిగేది. అదే సంతోషం ఇప్పుడు కొంత సిగ్గుతో కలిసి వచ్చింది. ముప్పై నాలుగేళ్ల కాపురంలో ఆ సైకిలు షాపు గురించి తాను ఒక్కమాటైనా అడగలేదు.

చక్రం బిగించి, కారు దించి, తాళం తిప్పారు. చప్పుడు లేదు. "స్టార్టవలేదు" అని మళ్లీ తిప్పారు. ఇంజను గర్రుమంది.

"స్టార్టయ్యే ఉందండీ, తాళం వదిలేయండి" అంది ఖైరున్ బీ.

గుడివాడ చేరేసరికి రెండయింది. సబీహా భర్త నదీమ్ ఆలస్యమెందుకని అడిగితే, బిర్యానీ ముందు కూర్చుని మాస్టారు కథంతా చెప్పారు. ఇనప గొట్టంతో గంటసేపు బోల్టు బిగించిన సంగతి కూడా దాచలేదు. అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. ఖైరున్ బీ మాత్రం గోళ్లలో గ్రీజు కనబడకుండా వేళ్లు మడిచి తింటోంది.

"అన్నయ్యా, మా బండి కూడా బ్రేకు వేస్తే ఏదో గీరినట్టు అరుస్తోంది. తిన్నాక ఒకసారి చూస్తారా?" అన్నాడు నదీమ్.

"నన్నెందుకు అడుగుతావు? మీ వదినని తిననివ్వు, అప్పుడు అడుగు."

ఖైరున్ బీ తలెత్తి, "ముందు చక్రాలా, వెనక చక్రాలా?" అంది.