తప్పుల హద్దు

గురువుగారి బొటనవేలు చూస్తేనే టైపిస్టమ్మకి రోత పుట్టేది. కాగితం తిప్పాల్సి వచ్చినప్పుడల్లా ఆ వేలు నోట్లోకి వెళ్ళి, తడిసి, మెరుస్తూ బయటికొచ్చి, రికార్డుల మీద పడేది. తర్వాత అదే వేలు కీబోర్డు మీదికి. ఆ కీబోర్డు మీదే ఆమె పని నేర్చుకోవాలి.

ఆ కంటి ఆసుపత్రిలో ఆమె పంతొమ్మిదేళ్ళు టైపు కొట్టింది. టైపు విభాగం ఎత్తేశాక నేలమాళిగలోని కంప్యూటర్ గదికి తోలారు. అక్కడ బీరువాలంత పాత మెయిన్‌ఫ్రేమూ, దాన్ని ఇరవై ఆరేళ్ళుగా ఒంటిచేత్తో నడుపుతున్న గురువుగారూ ఉండేవారు. ఇద్దరికీ ఒకటే వాసన. రెండు నెలల్లో ఆయన రిటైరవుతాడు. ఈమెకి పని వచ్చిందని ఆయన సంతకం పెడితే ఆ కుర్చీ ఆమెది, లేకపోతే ఇంటికే. ఇంట్లో సంపాదించే మనిషి ఆమె ఒక్కతే.

సాయంత్రం గుమ్మంలో అడుగుపెట్టగానే ఆడపడుచు ముక్కు మూసుకునేది.

"వదినా, ముందు స్నానం. చుట్టరికం తర్వాత చూసుకుందాం."

అలవాట్లు ఎంత రోతగా ఉన్నా పాఠం మాత్రం బాగానే చెప్పేవాడు మహానుభావుడు. కంటిపొర మార్పిడి కోసం ఎదురుచూసేవాళ్ళ జాబితా అంతా ఒక ఇండెక్స్ ఫైల్లో ఉంటుంది. ఒక్కో మనిషికి ఒక్కో కీ. నమోదైన తేదీ, దాని పక్కన ఆ రోజు కౌంటర్లో ఇచ్చిన వరుస నంబరు, ఇదే కీ. కీ చెబితే ఇండెక్స్ చూసుకుని మిషన్ నేరుగా ఆ మనిషి దగ్గరికే పోతుంది.

"సైకిల్ స్టాండులో టోకెన్ అనుకో అమ్మాయ్. ఒక నంబరు మీద రెండు సైకిళ్ళు ఉండవు."

ప్రతి శనివారం ఫైలు కొత్తగా కట్టాలి. పాత రికార్డులు బయటికి తీసి, ఆ వారం కౌంటర్ల నుంచి వచ్చినవి కలిపి, కీల వరుసలో పేర్చి, పాత ఫైలు చెరిపేసి, కొత్తది సృష్టించి, అన్నీ మళ్ళీ ఎక్కించాలి. ఎవరైనా దానం చేసిన కళ్ళు వచ్చిన రోజున పై అంతస్తులో డాక్టరు తెర మీద ఈ ఫైల్లో వంతు వచ్చిన పేరు కనిపిస్తుంది. ఆ మనిషికి కబురు వెళుతుంది.

మూడో శనివారం ఆయన కుర్చీలో వెనక్కి వాలి, ఆమెనే నడపమన్నాడు. ఆయన చెప్పినట్టే ఒక్కో ఆజ్ఞా కొట్టింది. 'పని పూర్తయింది' అని తెర మీద పడగానే పరీక్ష పాసైన పిల్లలా పొంగిపోయింది కూడా. ప్రింటరు రెండు కాగితాలు కక్కింది. గురువుగారు అప్పటిదాకా నూనె కారే పకోడీలు తింటున్నాడు. వాటిలో ఒక కాగితం చింపి, వేళ్ళు తుడుచుకుని, మూతి తుడుచుకుని, ఉండచుట్టి చెత్తబుట్టలోకి విసిరాడు.

"అందులో నేను కొట్టిన ఆజ్ఞలున్నాయండీ. ఇంటికెళ్ళి చదువుకుందామనుకున్నాను."

"ఆ కాగితాలు ఎవరూ చదవరు, అమ్మాయ్" అని త్రేన్చి, బయటికి వెళ్ళాడు.

ఆమె మాత్రం చదవాలి. లేకపోతే వచ్చే వారానికి మర్చిపోతుంది. కొంగు చుట్టుకున్న వేళ్ళతో ఆ ఉండని తీసి, మొహం పక్కకి తిప్పుకునే విప్పింది. నూనె, ఎంగిలి, మెతుకుల్లాంటివేవో. వాటి కింద నాలుగు వరుసలు: ఈ కీ ఇప్పటికే ఉంది, రికార్డు తిరస్కరించాం. అలా నలుగురు.

ఎక్కించేటప్పుడు ఇలాంటి తప్పులు ఎన్ని వస్తే పని ఆగాలో చెప్పే ఆజ్ఞ ఒకటుంటుంది, తప్పుల హద్దు. ఏమీ చెప్పకపోతే నాలుగు తప్పులకే మిషన్ ఆగిపోతుంది. గురువుగారు ఆమె చేత కొట్టించిన అంకె తొమ్మిదివేల తొమ్మిదివందల తొంభైతొమ్మిది. అదెందుకో ఆమె అడగలేదు, ఆయన చెప్పలేదు.

సోమవారం కౌంటర్లకి వెళ్ళింది. రోజూ తెరిచేది మొదటి కౌంటరే. జనం ఎక్కువైన రోజు కొత్త భవనంలో రెండోది తెరుస్తారు. రెండు చోట్లా వరుస నంబరు ఒకటి నుంచే మొదలు. అంటే ఆ రోజుల్లో ఒకే కీతో ఇద్దరేసి మనుషులు. ముందు ఎక్కినవాడు ఉంటాడు, రెండోవాడిని మిషన్ బయటికి నెట్టేస్తుంది. నెట్టేశానని కాగితం మీద చెబుతుంది కూడా. ఆ కాగితంతో ఈయన మూతి తుడుచుకుంటాడు.

పాత కాగితాల కట్టలు మిషన్ వెనక పడి ఉన్నాయి. చెమ్మకి అతుక్కుపోయి, మధ్యమధ్యలో ఎలుక పెంటికలతో. గురువుగారు భోజనానికి వెళ్ళిన గంటల్లో, నాలుగు రోజులపాటు, మూతికి గుడ్డ కట్టుకుని వాటిని విప్పింది. దొరికినంతలో లెక్కపెడితే రెండు వందల పన్నెండు మంది. మొదటి కాగితం పదకొండేళ్ళ నాటిది. దాని మీది కీ పట్టుకుని రెండో కౌంటర్ దరఖాస్తుల్లో వెతికితే ఆరేళ్ళ పాప పేరు దొరికింది. కింద తల్లి సంతకం, ఫోన్ నంబరు.

శుక్రవారం మధ్యాహ్నం ఫోన్ చేసింది. తల్లే ఎత్తింది.

"ఆసుపత్రి నుంచా అమ్మా? వంతు వచ్చిందా?"

"లేదండీ, అదీ... పాప ఎలా ఉంది?"

"పాపేంటమ్మా, పదిహేడేళ్ళు. బడి ఎప్పుడో మానేసింది, ఒక కన్ను పూర్తిగా పోయింది. రెండోది కూడా పోయేలోపు పిలుస్తారులే అని చూస్తున్నాం. ఏటా ఫోన్ చేస్తూనే ఉన్నాం. కింద కంప్యూటర్ దగ్గర పెద్దాయన ఉంటారు కదా, ఆయనే మాట్లాడతారు. మీ వంతు ఇంకా రాలేదు, ఓపిక పట్టండి అంటారు. ఎంత నెమ్మదిగా చెబుతారో. మా నమస్కారాలు చెప్పమ్మా ఆయనకి."

టైపిస్టమ్మ ఫోన్ పెట్టేసి, బాత్రూంకి పరిగెత్తి, తిన్నదంతా కక్కుకుంది. ఇన్నాళ్ళూ ఆయన్ని ఒట్టి మురికిమనిషి అనుకుంది. మురికి కడిగితే పోతుంది.

శనివారం ఆమె మళ్ళీ కీబోర్డు ముందు కూర్చుంది. పక్కనే గురువుగారు, ఆయన ముందు సంతకం పెట్టాల్సిన కాగితం. తప్పుల హద్దు దగ్గర ఆమె ఒకటి అని కొట్టింది. క్షణాల్లో, మొదటి తప్పుకే మిషన్ ఆగిపోయింది.

"ఏంటది? హద్దు మార్చావేంటి? తొమ్మిదులు కొట్టు."

"ఏటా మీకు ఫోన్ చేసే ఆ పదిహేడేళ్ళ పిల్ల తల్లి మీకు నమస్కారాలు చెప్పమందండీ."

"రెండో కౌంటర్ తెరిచిన కొత్తలో ఆగిపోయేదే. ఆగిన ప్రతిసారీ కౌంటర్ల చుట్టూ తిరగాలి, పైవాళ్ళ చేత తిట్లు తినాలి. ఒక్కసారికి కదా అని హద్దు పెంచాను. ఆ తర్వాత బయటపెడితే నా బతుకు ఏమయ్యేది? నువ్వే చెప్పు."

"ఫోన్లో ఆవిడతో మాట్లాడేటప్పుడు తెలుసా మీకు?"

ఆయన గబగబా కాగితం దగ్గరికి లాక్కుని సంతకం గీకి, ఆమె ముందుకి తోశాడు.

"ఇదిగో, నీ కుర్చీ నీకు వచ్చేసింది. ఇక నడిపించు. సోమవారం డాక్టర్లకి జాబితా కావాలి."

కాగితం వంక చూసింది. చెప్పుకోవడానికే సిగ్గుచేటు గానీ, ఒక్క క్షణం ఆమె చెయ్యి దాని మీదికి పోయింది. పోయినందుకు తన చెయ్యే తనకి రోతగా అనిపించింది. ఆ చేత్తోనే ఫోన్ తీసి పై అంతస్తు పెద్ద డాక్టరుకి కలిపింది.

"కంప్యూటర్ గది నుంచండీ. ఫైలు నేనే ఆపాను. సోమవారానికి జాబితా రాదు. అందులో ఉండాల్సినవాళ్ళు రెండు వందల పన్నెండు మంది లేరు. వాళ్ళలో నలుగుర్ని తీసేసింది నేనే."

గురువుగారు రెండు చేతుల్తో తల పట్టుకున్నాడు. అవతల కుర్చీ జరిపిన చప్పుడు, కాగితాల చప్పుడు.

"రాసుకుంటున్నాను" అన్నాడు డాక్టరు. "మొదటి పేరు చెప్పండి."