ఆరని వార్నీషు

యుద్ధం నడుస్తున్న ఆ ఏడు కోసిగి చుట్టుపక్కల వాన చుక్క రాలలేదు. జనం రోడ్డు మీద కంకర కొట్టే కరువు పనికి పోయేవారు. చర్చివాళ్లు మధ్యాహ్నం పూట వాళ్లకు జొన్నగంజి పోసేవారు. అందులోకి చర్చి వంటశాలలో పనిచేసే ఓబులమ్మ చింతతొక్కు నూరి పంపేది. కుండలు బండి కుదుపులకు పగిలిపోతున్నాయని సంఘపెద్ద దాసన్న ఇరవై రేకు డబ్బాలు చేయమని రేకు పని చేసే లేవికి చెప్పాడు.

లేవి చేతి పనికి ఆ వైపు మంచి పేరుంది. ఉప్పూ పులుపూ రేకును తినేస్తాయని, ఆదోనికి పోయి వార్నీషు తెచ్చి డబ్బాల లోపల పూశాడు. పూసిన డబ్బాను నిప్పుల వేడిలో పూటంతా ఉంచాలనీ, వాసన పూర్తిగా పోయేదాకా తీయకూడదనీ, పచ్చిగా ఉంటే ఆ మందు తిండిలోకి దిగుతుందనీ అంగడతను ఒకటికి రెండుసార్లు చెప్పి పంపాడు.

పన్నెండు డబ్బాలు అలాగే కాల్చాడు. అంతలో బొగ్గులు అయిపోయాయి. పెట్రోలు దొరక్క బస్సులు కూడా బొగ్గుతోనే నడుస్తున్న రోజులు, ఎక్కడ అడిగినా దొరకలేదు. ఆదివారానికి ఇస్తానని చర్చిలో అందరి ముందూ చెప్పి ఉన్నాడు. మాట పోతుందని మిగతా ఎనిమిదింటినీ ఎండలో పెట్టాడు. సాయంత్రం ఒక డబ్బాలో తల పెట్టి చూస్తే ఘాటు ముక్కుకు తగిలింది. అయినా మూత పెట్టేశాడు.

ఆ డబ్బాల్లో తొక్కు పోసిన మూడోరోజు, పని దగ్గర పదిమంది కడుపు పట్టుకుని వాంతులు చేసుకున్నారు. ఉరుకుందమ్మ అనే కూలి మనిషిని ఇంటికి మోసుకుపోవలసి వచ్చింది. జనం అంతా ఓబులమ్మ మీద పడ్డారు.

"చేతులు కడుక్కోకుండా కలిపింటాది" అన్నారెవరో.

ఓబులమ్మ గుంపులో నిలబడ్డ లేవి వైపు తిరిగింది. "ఏమప్పా లేవీ, తొక్కు నూరేటప్పుడు నువ్వు ఆడనే కూసోనుంటివి గదా. ఎంత శుభ్రంగా చేసినానో వీళ్లకు చెప్పు."

డబ్బాల సంగతి పైకొస్తుందని లేవికి భయం పట్టుకుంది.

"ఏమోనక్కా, నేను సరిగ్గా చూడల్యా" అన్నాడు.

ఆ రోజే దాసన్న ఓబులమ్మను వంటశాలకు రావద్దన్నాడు.

లేవి వంటశాలలో ఇంకా తొక్కు పోయని పచ్చి డబ్బా ఒకటి ఇంటికి తెచ్చి, అందులో ఇంత చింతపులుసు పోసి పెట్టాడు. తెల్లారి వేలు పెట్టి చూస్తే వార్నీషు పాము కుబుసంలా ఊడి వేలికి చుట్టుకుంది. ఆ రోజు అన్నం ముట్టలేదు. వీధిలో ఎవరు పలకరించినా ఓబులమ్మ మాటే ఎత్తుతారేమోనని తల దించుకుని పోయేవాడు. ఉరుకుందమ్మ లేచి తిరుగుతోందని విన్నాక కూడా మనసు తేలిక కాలేదు. నిజం తెలిసిన మనిషి తానొక్కడే.

నాలుగోనాడు మధ్యాహ్నం గంజి పోసే వేళకు ఆ డబ్బా తీసుకుపోయి అందరి ముందూ దింపాడు.

"తొక్కుది తప్పు గాదు. ఈ డబ్బాలది, నాది. కాల్చకుండా ఇచ్చినా. వాసన వస్తాందని తెలిసీ ఇచ్చినా."

దాసన్న డబ్బాలోకి తొంగి చూసి, లోపలి పొర వేలితో లాగి, ముఖం తిప్పుకున్నాడు. "ఆపొద్దు ఎందుకు చెప్పల్యా?"

"సిగ్గయింది" అన్నాడు లేవి.

ఉరుకుందమ్మ మొగుడు చెయ్యెత్తబోయి ఆగాడు. ఆ దెబ్బ పడి ఉంటే బాగుండుననిపించింది లేవికి.

దాసన్న తానే ఓబులమ్మ గుమ్మానికి పోయి పిలిచాడు. ఆమె మరునాడు వచ్చింది. లేవి ఎదురుపోయి చేతులు జోడించాడు.

"మాఫ్ చెయ్యక్కా."

"డబ్బాలు చెడగొట్టినందుకైతే చేస్తాలే" అంది ఓబులమ్మ. "నన్ను చూస్తా చూస్తా చూడల్యా అంటివే, దాన్ని ఏం చెయ్యాలో నాకు తెలీకుండాది."

ఆ గంజి కేంద్రం నడిచినన్నాళ్లూ లేవి అక్కడ నీళ్లు మోశాడు. ఓబులమ్మ ఎదురైతే పక్కకు తప్పుకునేవాడు. ఆమె మాత్రం తన దారిన తాను నడిచి పోయేది.