స్పీకరు లేని పాటల పెట్టె

నోయిడాలో మా సొసైటీ పార్కులో పొద్దున్నే నడిచేవాళ్లలో తెలుగువాళ్లం ఇద్దరమే, నేనూ భీమశంకరంగారూ. ఆయన జేబులో అరచేతంత పాటల పెట్టె ఉండేది. దాని నిండా పౌరాణిక నాటక పద్యాలు. పద్యం కంటే చివర తీసే రాగం పొడుగు. మొదటి టవరు దగ్గర ఎత్తుకున్న రాగం మేం మూడో టవరు చేరేదాకా దిగేది కాదు.

ఒకరోజు సొసైటీ అధ్యక్షుడు ఖన్నాగారు నన్ను గేటు దగ్గర ఆపారు.

"రాజు సాబ్, రోజూ తెల్లవారేసరికి ఎవరో ఏడుస్తున్నారని మా మిసెస్ భయపడుతోంది. మీ దోస్తుకి మీరే చెప్పండి. సోమవారం నుంచి మళ్లీ వినిపిస్తే నోటీసు ఇస్తాను."

అది ఏడుపు కాదనీ, యుద్ధం రాకుండా సంధి మాట్లాడుతున్నారనీ చెప్పాను. ఆయన నమ్మలేదు.

భీమశంకరంగారికి గుండెకు స్టెంట్ వేసి ఏడాది కాలేదు. నడక మానకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఈయనేమో ఒక్క మాట పడే మనిషి కాదు. నోటీసు చేతికొస్తే మళ్లీ ఆ పార్కులో కాలు పెట్టరు. ఈ సంగతి ఆయన భార్య అన్నపూర్ణేశ్వరికి చెబితే, ఆవిడ తలుపు దగ్గరగా వేసి గొంతు తగ్గించింది.

"ఆ పెట్టెని నేనే రెండుసార్లు నీళ్లలో పడేశాను అన్నయ్యగారూ. ఎండబెట్టుకున్నారు. అప్పట్నించీ ఇంకా గట్టిగా మోగుతోంది."

"ఆదివారం ఆయన పుట్టినరోజు కదమ్మా. కొత్తది నేను కొనిస్తాను. పాతది మీరు దాచేయండి."

"దాచడమెందుకండీ, పాతసామాన్లు కొనే కబాడీవాడికి ఇచ్చేస్తాను," అంటూ అందులోని పద్యాల కార్డు తీసి నా చేతిలో పెట్టింది.

అట్టా మార్కెట్ అనే బజారులో కొట్టాయన మూడు రకాలు బల్ల మీద పెట్టాడు. మొదటిది ఎర్రగా, రెండు స్పీకర్లతో ఉంది. మీట నొక్కగానే పక్క కొట్లోవాళ్లు తలలు బయటపెట్టారు.

"దేఖా అంకల్? శాదీ ఊరేగింపులో కూడా వాడుకోవచ్చు."

"ఇంకొంచెం తక్కువ వినిపించేది ఉందా?"

రెండోది ఫోనులాగా సొగసుగా ఉంది, తెరని తాకితే చాలు పాడుతుంది. వెనక్కి తిప్పితే బియ్యపుగింజంత కన్నాలు కనిపించాయి. చెవి పెట్టాను. సన్నని గొంతే, కానీ భీమశంకరంగారి చేతిలో పడితే పెరిగే గొంతు. పక్కన పెట్టాను.

మూడోది అగ్గిపెట్టెంత. మీటలు భీమశంకరంగారి వేళ్లకి తెలిసేలా ఉన్నాయి, చొక్కాకి తగిలించుకునే క్లిప్పు ఉంది. కొట్టాయన దాన్ని కాస్త సిగ్గుపడుతూ చూపించాడు.

"ఇందులో స్పీకరే లేదు అంకల్. వైరున్న ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటేనే పాట."

"పొరపాటున కూడా బయటికి వినిపించదు కదా?"

"బిల్కుల్ వినిపించదు."

"అయితే ఇదే ఇవ్వండి."

ఆయన నన్ను జాలిగా చూసి, ఇయర్‌ఫోన్లకి మెత్తటి స్పంజి తొడుగులు ఊరికే ఇచ్చాడు. నా భార్య పోయాక బేరమాడకుండా నాకేదైనా ఊరికే రావడం అదే మొదలు. ఆవిడే వచ్చి ఉంటే రెండు జతలు తెచ్చేది.

సోమవారం పొద్దున భీమశంకరంగారు కొత్త పెట్టె ఇయర్‌ఫోన్లు రెండు చెవుల్లోనూ పెట్టుకుని మీట నొక్కారు. ఎన్నాళ్లకో పార్కులో పిట్టల కూత విన్నాను. రెండో టవరు దాకా విన్నాను. అక్కడ పద్యం అయిపోయి రాగం వచ్చినట్టుంది, ఆయన కళ్లు మూసుకుని, చెయ్యెత్తి, తానే అందుకున్నారు. చెవులు మూసుకున్న మనిషికి తన గొంతు ఎక్కడికి పోతోందో తెలియదు. పాత పెట్టె ఎంత మర్యాద తెలిసిందో నాకప్పుడు అర్థమైంది.

పైన ఖన్నాగారి కిటికీ తెరుచుకుంది.

నేను గబుక్కున ఆయన కుడి చెవిలోది లాగి నా ఎడమ చెవిలో పెట్టుకున్నాను. తన గొంతు తనకే వినిపించేసరికి ఆయన కంగారుపడి ఆపేశారు.

"ఏంటి రాజుగారూ?"

"నేనూ వింటానండీ."

"ఇన్నాళ్లూ మీకివి నచ్చవనుకున్నాను," అన్నారు మెల్లగా. ఆ ముఖం చూశాక చెవిలోది తీయబుద్ధి కాలేదు.

అలా ఒకే వైరుకి ఇద్దరం తగులుకుని నడవడం మొదలైంది. ఆ వారమంతా కిటికీ తెరుచుకోలేదు. వారం చివర ఆయన అన్నారు, "మీకు మెడ పట్టేస్తోంది. మీకూ ఒకటి కొంటాను. ఎవరిది వాళ్లం రెండు చెవులా విందాం."

రెండు చెవులా అంటే మళ్లీ ఆయన గొంతెత్తడం, మళ్లీ ఖన్నాగారి కిటికీ. "వద్దండీ. నాకు కుడి చెవి పనిచెయ్యదు. మీదాంట్లో సగం నాకు సరిపోతుంది," అనేశాను.

ఆయన నిలబడిపోయారు. "ఎప్పుడూ చెప్పలేదేమండీ," అన్నారు. అప్పటినుంచి ప్రతి పద్యానికీ అర్థం నా ఎడమ చెవిలో అరిచి చెబుతున్నారు. మూడో టవరువాళ్లకి కూడా తెలుగు వచ్చేస్తుందేమో.

నిన్న ఖన్నాగారు ఎదురొచ్చారు. నోటీసు తెచ్చారనే అనుకున్నాను. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, ఎడమ చెవి దగ్గరికి వంగి, పార్కంతా వినపడేలా అన్నారు.

"ఫికర్ చేయకండి రాజు సాబ్. మీ దోస్త్ ఎంత గట్టిగానైనా మాట్లాడనివ్వండి. మీ చెవి సంగతి ఆయన చెప్పగానే నేనే అందరికీ చెప్పాను."

ఒక్కసారికే వినిపిస్తే బాగుండదని, "ఆఁ?" అన్నాను.